పద్దెనిమిది రాత్రుల కథ, రెండున్నర గంటల కథ

"మామా, ఆ రెండో ఆమె ఎవరు? ఆమెకు ఆ శక్తి యాడ్నించి వచ్చింది?" అని అడిగాడు మా అక్క కొడుకు. 2023 నవంబరులో, తిరుపతిలో ముగ్గురు ఆడ సూపర్‌హీరోల సినిమా ‘ది మార్వెల్స్’ చూసి అప్పుడే బయటికొచ్చాం. బండి తీస్తూ చెప్పడం మొదలుపెట్టాను. మొదటి ఆమె సంగతి తెలియాలంటే 2019లో వచ్చిన ‘కెప్టెన్ మార్వెల్’ చూసుండాలి. రెండో ఆమెకు శక్తి వచ్చింది ‘వాండావిజన్’ అనే ఓటీటీ సిరీస్‌లో. మూడో అమ్మాయికి ‘మిస్ మార్వెల్’ అని విడిగా ఇంకో సిరీస్ ఉంది. నేను చెప్పడం పూర్తి కాకముందే ఇల్లు వచ్చేసింది. వాడు బండి దిగి, "అయితే ఇప్పుడు మనం చూసింది ఏంది మామా?" అన్నాడు.

అదే పిల్లోడు అదే సంవత్సరం జూన్‌లో నా పక్కనే కూర్చొని ‘స్పైడర్‌మ్యాన్: అక్రాస్ ది స్పైడర్‌వర్స్’ తెలుగులో చూశాడు. అది రెండు గంటల ఇరవై నిమిషాల యానిమేషన్ సినిమా. తెర మీద వందల మంది స్పైడర్‌మ్యాన్‌లు. ఒక్కో లోకానికి ఒక్కో రంగు, ఒక్కో రకం గీత. ముంబయి పోలికలున్న ‘ముంబాటన్’ అనే నగరం, అందులో పవిత్ర్ ప్రభాకర్ అనే మన స్పైడర్‌మ్యాన్. పైగా కథ సగంలో ఆగిపోతుంది. అంత చిక్కు కథలో వాడు నన్ను ఒక్క డౌటు కూడా అడగలేదు. ఇంటికొచ్చి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో నాలుగు స్పైడర్‌మ్యాన్ బొమ్మలు గీసుకున్నాడు.

ముగ్గురు హీరోలున్న సినిమా అర్థం కాలేదు, వందల మంది ఉన్నది అర్థమైంది. ఇది ఎందుకు జరిగిందో చాలా రోజులు ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా ఈ సినిమాలు, ఈ సిరీస్‌లు చూస్తున్నవాణ్ణి కాబట్టి నాకు తోచిన కారణాలు రాస్తున్నాను.

ముందు ఒక మాట. మనం ‘యానిమేషన్’ అన్నా ‘సూపర్‌హీరో’ అన్నా రెండూ పిల్లల సరుకు అన్నట్టు ఒకే మూటలో కట్టేస్తాం. యానిమేషన్ అనేది కథ చెప్పే పద్ధతి. సూపర్‌హీరో అనేది కథలో ఒక రకం. హరికథకూ రామాయణానికీ ఉన్న తేడా అది. హరికథలో భారతం కూడా చెప్పొచ్చు, రామాయణాన్ని తోలుబొమ్మలతో కూడా ఆడొచ్చు. కాబట్టి ఏది గొప్ప అని పోటీ పెట్టడం కంటే, ఏ కథకు ఏ పద్ధతి పొసుగుతుంది, ఎంత సమయం కావాలి అని అడిగితే చిక్కు విడిపోతుంది.

సమయం సంగతికి మా చిత్తూరు వైపు భారతం కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఇక్కడ చాలా ఊళ్లలో ధర్మరాజు గుళ్లు, ద్రౌపదమ్మ గుళ్లు ఉన్నాయి. ఎండాకాలంలో ఆ గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. మామూలుగా పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. బకాసుర వధ రోజు భీముడి వేషగాడు బండి మీద అన్నపురాశితో ఊరంతా తిరుగుతాడు. అర్జునుడి తపస్సు రోజు ఆకాశమంత మాను నాటి, అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ పైకెక్కుతాడు. పైనుంచి నిమ్మకాయలు విసురుతాడు, కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడి బట్టలతో వరపడి (వరం కోరి నేల మీద బోర్లా పడుకొని) ఉంటారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడ పగలగొడతారు. సాయంత్రం నిప్పుల గుండం, ఆ తర్వాత ధర్మరాజు పట్టాభిషేకం.

ఈ కథ తెలియనివాళ్లు ఆ గుంపులో ఒక్కరూ ఉండరు. అయినా జనం కూర్చుంటారు. తరువాత ఏం జరుగుతుందనే టెన్షన్ వాళ్లకు లేదు. ఈ రాత్రి కీచకుడి వేషం ఎవరు కడుతున్నారు, ఎట్ల ఆడతాడు అన్నదే ముఖ్యం. పద్దెనిమిది రాత్రులు ఉన్నాయి కాబట్టి కీచకుడికి ఒక పూర్తి రాత్రి దొరుకుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ఏ రాత్రి ఆట ఆ రాత్రికి తెగుతుంది. పక్క ఊరి నుంచి ఒక్క బకాసుర వధకే వచ్చినవాడు కూడా కథ పూర్తిగా చూసి ఇంటికి పోతాడు. మొత్తం పద్దెనిమిది రోజులూ చూసినవాడికి అంతకంటే పెద్ద కథ దక్కుతుంది. ఈ రెండూ ఒకేసారి జరగడమే సీరియల్ కథలోని కష్టం. మంచి యానిమేషన్ సిరీస్‌లు సరిగ్గా ఇక్కడే గెలిచాయి.

నేను ఎవరికైనా చూపించే మొదటి ఉదాహరణ మిస్టర్ ఫ్రీజ్. బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో 1959లో ‘మిస్టర్ జీరో’ పేరుతో వచ్చిన చిన్న విలన్ ఇతను. మంచు తుపాకీ పట్టుకొని దొంగతనాలు చేయడమే పని. 1992లో ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ మొదలైంది. అందులో ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే భాగం పాల్ డీని రాశాడు, బ్రూస్ టిమ్ డైరెక్ట్ చేశాడు. నిడివి ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాల్లో ఫ్రీజ్ ఒక మనిషి అయ్యాడు. అతనొక సైంటిస్టు. భార్య నోరాకు నయంకాని జబ్బు. మందు దొరికేదాకా ఆమెను గడ్డకట్టించి బతికించుకోవాలని చూస్తాడు. ఖర్చు ఎక్కువైందని కంపెనీ యజమాని వచ్చి ఆ యంత్రాన్ని ఆపేస్తాడు. ఆ పెనుగులాటలో రసాయనాలు మీద పడి, చలిలో తప్ప బతకలేని శరీరం అవుతుంది ఫ్రీజ్‌ది. ఇక అతనికి కావలసింది డబ్బు కాదు, ఆ యజమాని.

ఆ భాగంలో బ్యాట్‌మ్యాన్‌కు జలుబు చేసి ఉంటుంది. ఇంట్లో పనిచూసే ఆల్ఫ్రెడ్ అతనికి ఫ్లాస్కులో వేడి చికెన్ సూప్ పెట్టి పంపుతాడు. చివరి పోరాటంలో ఆ వేడి సూపే ఫ్రీజ్ గాజు శిరస్త్రాణాన్ని పగలగొడుతుంది. మొదట నవ్వు కోసం పెట్టినట్టు కనిపించిన జలుబు చివర్లో కథను తేల్చేస్తుంది. ఇంత పొదుపుగా కథ అల్లడం నేను చాలా తక్కువ చూశాను. చివర్లో చెరసాలలో ఫ్రీజ్ ఒక్కడే కూర్చొని, చేతిలోని నాట్యకత్తె బొమ్మను చూస్తూ నోరాను క్షమాపణ అడుగుతాడు. ఆ భాగం రచనకు డేటైమ్ ఎమ్మీ అవార్డు వచ్చింది. కామిక్స్‌వాళ్లు కూడా పాత ఫ్రీజ్‌ను పక్కన పెట్టి ఈ కథనే తీసుకున్నారు.

ఐదేళ్ల తర్వాత, 1997లో ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’ సినిమా వచ్చింది. ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ మిస్టర్ ఫ్రీజ్. అదే నోరా, అదే జబ్బు, అదే దుఃఖం. సినిమా నిడివి రెండు గంటలు దాటింది. అయినా ఆ దుఃఖం మనకు తగలదు. ఎందుకంటే ఆ రెండు గంటల్లోనే పాయిజన్ ఐవీ ఉండాలి, బేన్ ఉండాలి, కొత్తగా బ్యాట్‌గర్ల్ రావాలి, రాబిన్ అలగాలి, ఆల్ఫ్రెడ్‌కు జబ్బు చేయాలి. ఫ్రీజ్ నోరు తెరిస్తే మంచు మీద ఏదో ఒక చమత్కారం. నిడివి ఆరు రెట్లు ఉన్నా, ఆ మనిషికి దొరికిన చోటు తక్కువ. ఈ రెండూ ఒకే రోజు వరసగా చూడండి. నేను పేజీలకొద్దీ రాసినా చెప్పలేనిది అక్కడ కళ్లకు కనిపిస్తుంది.

హార్లీ క్విన్ కూడా ఆ సిరీస్‌లోనే పుట్టింది, 1992లోనే. జోకర్ పక్కన ఒక్క భాగంలో కనిపించి పోవాల్సిన సహాయకురాలు. జనానికి నచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది, కామిక్స్‌లోకి వెళ్లింది, 2016 నాటికి ‘సూసైడ్ స్క్వాడ్’ సినిమాలోకి వచ్చింది. మా భారతంలోనూ ఇంతే. వ్యాసుడు నాలుగు మాటల్లో వదిలేసిన మనిషిని ఒక మంచి వేషగాడు రాత్రంతా నిలబెడతాడు.

సమయం ఉంటే చాలు అంతా బాగుంటుందని నేను అనను. 1983 నాటి ‘హీ-మ్యాన్’ లాంటివి బొమ్మల కంపెనీ సరుకును అమ్మిపెట్టడానికి తీసినవి. వాటిలో ఏ భాగం చూసినా ఒకటే అచ్చు. 2021లో మార్వెల్ తీసిన ‘వాట్ ఇఫ్’ సిరీస్‌లో ఆలోచనలు గొప్పవే, కానీ ఒక సినిమా అంత కథను అరగంటలో పరుగెత్తించడంతో చాలా భాగాలు నాకు ఆనలేదు. అటువైపు చూస్తే 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్ 2’ ఒక్కటే సినిమా. అందులో పీటర్ పార్కర్ అద్దె కట్టలేడు, పిజ్జా సమయానికి అందించలేడు, కాలేజీకి ఆలస్యంగా పోతాడు. ఒక్క మనిషి ఒక్క కష్టం పట్టుకుంది కాబట్టి రెండు గంటలు సరిపోయాయి. 2017లో వచ్చిన ‘లోగన్’ కూడా అట్లాంటిదే. ముసలివాడైన ఒక యోధుడు, మతి తప్పుతున్న గురువు, ఒక చిన్న పిల్ల. ముగ్గురు మనుషులు, ఒక ప్రయాణం. సినిమాకు అంత కథ చాలు.

ఇక రెండో కారణం గీత.

మనుషులు నటించే సినిమాలో ఒకాయన ఆకాశంలో ఎగిరితే, అది నిజంగా జరుగుతున్నట్టు మనల్ని నమ్మించాలి. గ్రాఫిక్స్‌లో కాస్త తేడా వస్తే మన కన్ను పట్టేస్తుంది. బొమ్మల కథలో ఆ పేచీ లేదు. బొమ్మ బొమ్మే అని మనం ముందే ఒప్పుకొని కూర్చుంటాం. తోలుబొమ్మలాటలో దీపం వెలుగులో హనుమంతుడు తెర ఈ చివర నుంచి ఆ చివరకు దూకితే, వెనక కర్ర కనిపిస్తోందని ఎవరూ అడగరు. సూపర్‌మ్యాన్ సంగతే తీసుకోండి. 1938లో కామిక్స్‌లో పుట్టినప్పుడు అతను ఎగిరేవాడు కాదు, ఎత్తుగా దూకేవాడు. 1941లో ఫ్లైషర్ స్టూడియో అతని మీద చిన్న చిన్న యానిమేషన్ చిత్రాలు తీసింది. ఎగిరే సూపర్‌మ్యాన్ జనం మనసులో స్థిరపడటంలో వాటికి పెద్ద పాలు ఉంది.

ఆ ఫ్లైషర్ చిత్రాల నీడలు, ఎత్తైన భవనాలే తర్వాత బ్యాట్‌మ్యాన్ సిరీస్‌కు స్ఫూర్తి అయ్యాయి. మామూలుగా బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు తెల్ల కాగితం మీద వేస్తారు. ఆ సిరీస్‌కు ఎరిక్ రాడోమ్‌స్కీ నల్ల కాగితం మీద వేయించాడు. అంటే చీకటి ముందే ఉంది, అవసరమైన చోట మాత్రమే వెలుగు పూశారు. రాత్రి పూట మాత్రమే తిరిగే మనిషి కథకు ఇంతకంటే తగిన కాగితం ఏముంటుంది?

స్పైడర్‌వర్స్‌లో ఇది ఇంకా లోతుకు పోయింది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ వేస్తే కదలిక నున్నగా జారుతుంది. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలే, కదలిక కొంచెం కుదుపుగా ఉంటుంది. టీవీ యానిమేషన్ వాళ్లు మొదట్నుంచీ డబ్బు ఆదా కోసం ఇట్ల బొమ్మలు తగ్గించుకున్నవాళ్లే. 2018 నాటి మొదటి స్పైడర్‌వర్స్ సినిమా దాన్నే భావం చెప్పడానికి వాడుకుంది. అడవిలో మైల్స్ అనే కుర్ర స్పైడర్‌మ్యాన్, అనుభవం ఉన్న స్పైడర్‌మ్యాన్ పీటర్ ఇద్దరూ కలిసి ఊగుతూ పోతుంటారు. పీటర్‌కు సెకనుకు 24 బొమ్మలు, మైల్స్‌కు 12. అందుకే మైల్స్ తడబడుతున్నట్టు, వెనకబడుతున్నట్టు అనిపిస్తాడు. తర్వాత అతను తన మీద తనకు నమ్మకం వచ్చి పెద్ద భవనం మీంచి దూకినప్పుడు కదలిక నున్నగా మారుతుంది. ఆ లెక్క చూసేవాడికి తెలియకపోవచ్చు, వాడి ఒంటికి మాత్రం తెలుస్తుంది. మా అల్లుడికి తెలిసింది. "ఇప్పుడు బాగా ఎగురుతుండాడు మామా" అన్నాడు. ఆ సినిమాకు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

నా మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. అక్రాస్ ది స్పైడర్‌వర్స్‌లో ప్రతి లోకాన్నీ వేరే గీతతో, వేరే రంగుతో వేశారు. ఎవరు ఏ లోకంవాడో మాట చెప్పకముందే కన్ను చెబుతుంది. వీధినాటకంలో కిరీటం, భుజకీర్తులు, ముఖానికి పూసిన రంగు చూడగానే దుర్యోధనుడెవరో చివరి వరసలో ఉన్న ముసలమ్మకు కూడా తెలిసినట్టే. మైల్స్ ఎవరో, అతనికి ఏం కావాలో కూడా ఆ సినిమా తనంతట తానే చెప్పుకుంటుంది. ‘ది మార్వెల్స్’లో ముగ్గురూ మనుషులే, ముగ్గురి కథా మన ఇంటికి రాని ఇంకో ఉత్తరంలో ఉంది.

డబ్బింగ్ గురించి కూడా ఒక మాట. మనుషుల సినిమాను తెలుగులో చూసినప్పుడు పెదాలు ఒకటి పలుకుతుంటే చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. యానిమేషన్‌లో అసలు భాషలో కూడా గొంతు వేరు, బొమ్మ వేరు. ఆ అర్థంలో అక్కడ ప్రతి భాషా డబ్బింగే. అందుకే తెలుగు అక్కడ తొందరగా అతుకుతుంది. మనుషుల సినిమాల్లో నాకు బాగా అతికింది మార్వెల్ విలన్ థానోస్ గొంతు. 2018లో ‘ఇన్ఫినిటీ వార్’కు రానా దగ్గుబాటి చెప్పాడు. అయితే థానోస్ కూడా కంప్యూటర్‌లో చేసిన బొమ్మే కదా.

ఇప్పుడు మార్వెల్ సినిమాల చిక్కుముడికి వద్దాం. దీని వెనక ఉన్నది ఎక్కువగా అప్పుల కథ. 1990లలో మార్వెల్ కామిక్స్ కంపెనీ ఆర్థికంగా కుప్పకూలింది. 1996 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఆ పదేళ్లలో ఒక్కో హీరో సినిమా హక్కులూ ఒక్కో స్టూడియోకు వెళ్లాయి. ఎక్స్-మెన్ ఫాక్స్‌కు, స్పైడర్‌మ్యాన్ సోనీకి. మార్వెల్ సొంతంగా సినిమా తీయాలనుకున్నప్పుడు చేతిలో మిగిలినవాళ్లలో ఐరన్ మ్యాన్ ఒకడు. 2008లో అతనితో మొదలుపెట్టింది. 2009లో డిస్నీ మార్వెల్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్నది. 2015లో సోనీతో ఒప్పందం కుదిరాకే స్పైడర్‌మ్యాన్ మార్వెల్ హీరోల జట్టు అవెంజర్స్ పక్కన నిలబడగలిగాడు. 2019లో ఫాక్స్ కూడా డిస్నీ చేతికొచ్చింది. స్పైడర్‌మ్యాన్‌గా ముగ్గురు వేర్వేరు నటులు ఎందుకు కనిపిస్తారు, స్పైడర్‌వర్స్ ఎందుకు డిస్నీది కాదు అని అడిగే పిల్లలకు జవాబు ఈ పొలం పత్రాల్లో ఉంది.

ఐరన్ మ్యాన్ నుంచి 2019 నాటి ‘ఎండ్‌గేమ్’ దాకా 22 సినిమాలు, పదకొండేళ్లు. నిజానికి ఇది మా భారతం పద్ధతే. ప్రతి సినిమా చాలావరకు దానికదే తెగేది. వరసగా చూసినవాడికి అంతకు మించి దక్కేది. ఎండ్‌గేమ్‌లో పోయారనుకున్న వాళ్లంతా ఒక్కొక్కరుగా తిరిగి వచ్చినప్పుడు తిరుపతి థియేటర్‌లో నా చుట్టూ లేచిన అరుపు నేను మరచిపోలేను. ఆ అరుపు ఆ ఒక్క సినిమా సంపాదించింది కాదు, పదకొండేళ్లది.

2021 నుంచి లెక్క మారింది. ఓటీటీలో సిరీస్ తర్వాత సిరీస్ వచ్చింది. అవి చూస్తే తప్ప సినిమా అర్థం కాని పరిస్థితి వచ్చింది. అంటే రాత్రి ఆట ఆ రాత్రికి తెగడం మానేసింది. ‘ది మార్వెల్స్’ ఆ వరసలో అతి తక్కువ వసూళ్ల సినిమాగా మిగిలింది. సరుకు ఎక్కువై నాణ్యత పలచబడిందని అప్పటి డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ తానే ఒప్పుకున్నాడు. 2024లో మార్వెల్ స్టూడియోస్ నుంచి థియేటర్లకు వచ్చింది ఒకే ఒక్క సినిమా. ఇంత సరుకు తయారు చేసే భారం ఎవరి మీద పడిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. 2023 సెప్టెంబరులో మార్వెల్ సొంత విజువల్ ఎఫెక్ట్స్ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవడానికి ఏకగ్రీవంగా ఓటేశారు. గ్రాఫిక్స్ బాగాలేవని మనం తేలిగ్గా తిడతాం. వాటి వెనక నిద్రలేని కళ్లు ఉన్నాయి.

‘మల్టీవర్స్’ (పక్కపక్కనే ఉండే ఎన్నో లోకాలు) అనే మాటకు భయపడాల్సిన పని కూడా మనకు లేదు. ఒకే కథకు పది రూపాలు ఉండటం మనకు పుట్టుకతో తెలిసిన సంగతి. మొల్ల రామాయణం ఉంది, రంగనాథ రామాయణం ఉంది. శశిరేఖా పరిణయం వ్యాస భారతంలో లేనే లేదు, అయినా శశిరేఖ మన ఇంటి పిల్ల. ఏ రూపం అసలైనది అనే గొడవ మనం ఎప్పుడూ పెద్దగా పడలేదు. స్పైడర్‌వర్స్ రెండో భాగం ఆ గొడవనే కథగా చేసుకుంది. ప్రతి స్పైడర్‌మ్యాన్ జీవితంలోనూ కొన్ని దుఃఖాలు జరిగి తీరాలి, లేకపోతే ఆ లోకమే కూలిపోతుంది అంటాడు మిగెల్ అనే ఇంకో స్పైడర్‌మ్యాన్. మైల్స్ తండ్రి చనిపోవాలని ఆ లెక్క చెబుతుంది. మైల్స్ ఒప్పుకోడు.

ఆ తర్వాతి ఎండాకాలం మా ఊరి భారతంలో అభిమన్యుడు పడే రాత్రి మా అక్క కొడుకు మా అవ్వ పక్కన చాప మీద కూర్చున్నాడు. అవ్వ ఏటా చూసే ఆటే, అయినా కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. వాడు ఉండబట్టలేక "అవ్వా, ఒక్క ఏడన్నా కాపాడొచ్చు కదా అభిమన్యుణ్ణి?" అన్నాడు. అవ్వ వాడి తల నిమిరి, "కాపాడితే రేపు ఆట యాడ జరుగుతాది నాయనా" అంది. మిగెల్ మాటనే అవ్వ చెప్పింది, మైల్స్ మాటను వాడు అడిగాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. బొమ్మలు కదులుతున్నాయి కాబట్టి పిల్లలదే అనుకోవద్దు. 2021లో మొదలైన ‘ఇన్విన్సిబుల్’ చూడటానికి రంగురంగుల కార్టూన్. మొదటి భాగం చివర్లో వచ్చే హింస చూస్తే పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. అది గొప్ప సిరీస్, తండ్రి మీద కొడుక్కి ఉన్న నమ్మకం విరిగిపోవడం గురించి అంత లోతుగా చెప్పినవి తక్కువ. కానీ ఎనిమిదేళ్ల పిల్లలకు కాదు. ఓటీటీలో ఏది తెరిచినా మూలన ‘యు’, 7+, 13+, 16+, లేదా ‘ఎ’ అని రాసి ఉంటుంది. థియేటర్ సినిమాలకూ 2024 చివర్లో సెన్సార్ బోర్డు ఈ వయసుల లెక్క తెచ్చింది. రిమోట్ పిల్లల చేతికిచ్చే ముందు ఆ అంకె చూడండి. పదమూడు దాటిన పిల్లలైతే ‘ఎక్స్-మెన్ 97’ పక్కన కూర్చొని చూడండి. 1997లో ఆగిన పాత సిరీస్‌ను 2024లో అక్కడి నుంచే కొనసాగించారు. తమకంటే వేరుగా ఉన్నవాళ్లను జనం ఎందుకు ద్వేషిస్తారో పిల్లలతో మాట్లాడటానికి అది దారి తెరుస్తుంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ నాకు బాగా నచ్చింది. అంజనాద్రి అనే పేరు వినగానే ఏడుకొండల నీడలో పెరిగినవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. నా అసంతృప్తి ఒక్కటే, అందులో విలన్. చిన్నప్పట్నుంచి సూపర్‌హీరో కావాలనే పిచ్చితో కన్నవాళ్లనే చంపుకున్న మనిషి. ఎంత పెద్ద కథ అది! సినిమాలో అతనికి సరిపడా చోటు దొరకలేదు. ఒక ఇరవై రెండు నిమిషాల యానిమేషన్ భాగం ఇచ్చి ఉంటే అతను మన మిస్టర్ ఫ్రీజ్ అయ్యేవాడు. అదే సంవత్సరం ‘కల్కి 2898 ఏడీ’ వాళ్లు సినిమా కంటే ముందు ‘బుజ్జి అండ్ భైరవ’ అని రెండు యానిమేషన్ భాగాలు వదిలారు. సరైన అడుగు అది. చూడనివాళ్లకు సినిమాలో ఏ లోటూ తెలియలేదు, చూసినవాళ్లకు బుజ్జి అనే ఆ బండి మీద ముందే ప్రేమ పుట్టింది. 2025లో ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్‌కు ముసలివాళ్లు కూడా థియేటర్‌కు కదిలారు. బొమ్మల సినిమా పిల్లలదే అన్న మాట మన దగ్గర ఆ రోజుల్లో నిజంగా పగిలింది. దాని గీత మాత్రం నాకు బయటి దేశాల కంప్యూటర్ బొమ్మల పోలికలోనే కనిపించింది.

స్పైడర్‌వర్స్ వాళ్లు తమ గీత కోసం ఎక్కడికీ పోలేదు. పాత కామిక్ పుస్తకాల్లో అచ్చు చుక్కలు, రంగు పక్కకు జరిగి పడటం ఉండేవి. ఆ అచ్చు తప్పులనే తెచ్చి తెర మీద అందం చేశారు. మనకు ఆ పని చేయడానికి తిరుపతికి గంట దూరంలో కలంకారీ బొమ్మల శ్రీకాళహస్తి ఉంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, వెదురు కలంతో, ఇనుప తుక్కూ బెల్లమూ నానబెట్టి చేసిన నల్లటి రంగుతో గీత గీస్తారు. మధ్యలో పెద్ద బొమ్మ, చుట్టూ గళ్లు గళ్లుగా కథ, కింద తెలుగులో ఆ ఘట్టం పేరు. ఆ గళ్లను వరసగా చూస్తూ పోతే అది కదలని సినిమా.

ఆ గీతతో పద్దెనిమిది భాగాల భారతం ఎవరైనా తీస్తే చూడాలని నాకు పెద్ద కోరిక. మొదటి భాగంగా బకాసుర వధే పెట్టమంటాను. నల్లటి కలంకారీ గీతలో ఎద్దులు, బండి నిండా పసుపు రంగు అన్నపురాశి. సెకనుకు 12 బొమ్మలతో బండి కుదుపుగా కదులుతుంది. భీముడు బండి మీదే కూర్చొని, రాక్షసుడి కోసం తెచ్చిన అన్నం తానే పిడికిళ్లతో తింటూ పోతుంటాడు. దారి పక్కన నిలబడ్డ ఊరి పిల్లలు లెక్కపెడుతుంటారు, ఎన్ని ముద్దలు అయ్యాయో.